కళ్లెలో క్రిమి లేదంటున్నారు, మరి ఇంకా 98 రోజులు మందులెందుకు?

కాటా గుమస్తా, గుంటూరు

నమస్కారమండీ. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. మా తమ్ముడు అదే కొట్లో కాటా దగ్గర ఉంటాడు. సంక్రాంతి నుంచి వాడికి దగ్గు. యార్డులో దగ్గని మనిషెవరండీ? తేజా రకం మిర్చి టిక్కీ, అంటే బస్తా, విప్పితే సరుకు తెచ్చిన రైతు దగ్గర్నుంచి హమాలీ దాకా అందరూ తుమ్మేవాళ్లే, దగ్గేవాళ్లే. సీజన్ అయిపోతే అదే పోతుందిలే అనుకున్నాం. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందని, రాత్రి బనియన్ తడిసిపోతోందని వాడు ఎవరికీ చెప్పలేదు. బెల్టుకి రెండోసారి కొత్త రంధ్రం పొడిపించుకొచ్చినప్పుడు మా అమ్మ కనిపెట్టింది. మందుల షాపులో రెండుసార్లు యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గడం, మళ్లీ మొదలవడం. చివరికి మార్చిలో కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. స్లైడు మీద 2+ అని రాశారు.

ఇవాళ్టికి 70 డోసులు అయ్యాయి. మొత్తం 168 అని చెప్పారు. రెండు నెలలు నిండాక మళ్లీ పరీక్ష చేస్తే నెగటివ్. దగ్గు లేదు, జ్వరం లేదు, 4 కిలోలు పెరిగాడు. ఇప్పుడు మానేస్తానంటున్నాడు. తెనాలి సంబంధం ఖాయమైంది, శ్రావణంలో పెళ్లి. కొత్తగా అత్తారింటికి వెళ్లి పొద్దున్నే మందుల అట్ట తీసి కూర్చోవడం, బాత్‌రూంలో నారింజ రంగు నీళ్లు... వాడి బాధ నాకు అర్థం కాకపోలేదు.

కానీ వాడి వాదనకే నా దగ్గర జవాబు లేదు. "క్రిమి లేకపోతే మందు దేన్ని చంపుతోంది? క్రిమి ఉంటే రిపోర్టులో ఎందుకు కనపడలేదు? రెండింట్లో ఒకటి అబద్ధం" అంటాడు. ఇరవై ఏళ్లుగా చిట్టా, ఆవర్జా రాస్తున్నవాణ్ణి, నాకూ ఈ లెక్క తేలడం లేదు. "డాక్టర్ గారు చెప్పారు కాబట్టి మింగు" అంటే వినే రకం కాదు వాడు. మామూలు జ్వరానికి 5 రోజుల మందు చాలు, దీనికి 6 నెలలేంటి? ఆ క్రిమి ఎక్కడ దాక్కుంటుంది? ఇన్నేళ్లలో తొందరగా తేల్చేసే మందు రాలేదా? ఇంకో మాట, డబ్బులు పెట్టి సీబీనాట్ అనే పరీక్ష చేయిస్తే పూర్తిగా పోయిందో లేదో తేలుతుందా? తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి, వాడికి చదివి వినిపిస్తాను.

పానకాల్రావు, మంగళగిరి

జవాబు తెలిసినవాళ్లు చెబుతారు గానీ, ఒక్క మాట. మా తాతయ్య ఇదే జబ్బుతో మంగళగిరి శానిటోరియంలో ఏడాదిన్నర పడుకున్నాడు. వరండాలో మంచం, పొద్దున గుడ్డు, పాలు, మధ్యాహ్నం మాట్లాడకుండా విశ్రాంతి. మా నాన్న కిటికీ అవతల నుంచి చూసి వచ్చేవాడట. ఇప్పుడు ఆ స్థలంలోనే ఎయిమ్స్ ఉంది, అడ్రసులో మాత్రం ఇప్పటికీ పాత టీబీ శానిటోరియం రోడ్డే. ఈ శానిటోరియాలు మూతపడటానికి దారి వేసింది మన పక్కనే, మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన. సగం మందిని శానిటోరియంలో పెట్టి, సగం మందికి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారని 1959లో తేల్చారు. మంచం, గాలి కాదు, మందే ముఖ్యమని అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో అది ఏడాది కోర్సు. మీ వాడికి ఆరు నెలలే, అదీ ఇంట్లో కూర్చుని. సంతోషించమనండి.

పాత మైక్రోస్కోపు, గుంటూరు

బాబూ, నేను 31 ఏళ్లు కళ్లె స్లైడులు చూసినదాన్ని. ల్యాబ్ టెక్నీషియన్‌గా 2019లో రిటైరై అరండల్‌పేటలో ఉంటున్నాను. డాక్టర్ని కాను, మందుల మోతాదులు నన్ను అడగొద్దు. కానీ రిజిస్టర్లో "నెగటివ్" అనే మాట నా చేత్తో కొన్ని వేల సార్లు రాశాను. అందుకని దాని విలువ ఎంతో నాకు తెలుసు.

కళ్లెలో రవ్వంత తీసి గాజు పలక మీద పూస్తాం. ఆరాక కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, ఆవిర్లు వచ్చేదాకా కింద మంట చూపిస్తాం. కడిగి గంధకామ్లం పోస్తాం. యాసిడ్ పడితే ఏదైనా రంగు వదలాలి. మన కణాలు వదులుతాయి, మామూలు బ్యాక్టీరియా వదులుతుంది. టీబీ క్రిమి వదలదు. దాని ఒంటి చుట్టూ మైనం లాంటి కొవ్వు గోడ ఉంటుంది, లోపలికి దిగిన రంగుని యాసిడ్ కూడా బయటికి లాగలేదు. ఆ పైన నీలం రంగు వేస్తే మిగతాదంతా నీలం, వాటి మధ్య పట్టుచీర అంచులోంచి ఊడిన పోగుల్లా సన్నటి ఎర్ర పుల్లలు. ఆ మైనమే మందుల్ని కూడా అంత సులువుగా లోపలికి రానివ్వదు.

స్లైడులో 100 చోట్ల చూడాలి. చోటుకి 1 నుంచి 10 దాకా కనిపిస్తే 2+, మీ తమ్ముడిది అది. 100 చోట్లా ఒక్కటీ కనపడకపోతే నెగటివ్. మీ లెక్క తప్పేది ఇక్కడే. ఒక మిల్లీలీటరు కళ్లెలో 5,000 నుంచి 10,000 దాకా క్రిములు ఉంటే గానీ ఈ పద్ధతిలో నమ్మకంగా దొరకవు. 2,000 ఉంటే నా కంటికి చిక్కకపోవచ్చు, నేను నెగటివ్ అనే రాస్తాను. అది అబద్ధం కాదు. "నాకు కనపడలేదు" అని దాని అర్థం, "లేదు" అని కాదు. పైసలు వదిలేసి రూపాయల్లోనే రాసిన చిట్టా అనుకో. పైగా అది దగ్గితే బయటికొచ్చిన కళ్లె లెక్క. ఊపిరితిత్తి లోపల దారి మూసుకుపోయిన చోట ఉన్నవాటి సంగతి కళ్లెకేం తెలుసు?

ఇక ఎక్కడ దాక్కుంటుందంటావా. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణాలు ఉంటాయి. లోపలికొచ్చిన ఏ క్రిమినైనా మింగడం వాటి పని. మింగిన దాన్ని ఒక సంచిలో పెట్టి, దానికి లైసోజోమ్ అనే ఇంకో సంచిని కలుపుతాయి. ఆ రెండో సంచిలో ఆమ్లం, అరిగించే రసాలు ఉంటాయి, క్రిమి కరిగిపోతుంది. టీబీ క్రిమి మింగించుకోవడానికి ఏమీ అడ్డు చెప్పదు. ఆ రెండు సంచులు కలవకుండా మాత్రం చూసుకుంటుంది. తనని చంపాల్సిన కణంలోనే కాపురం పెడుతుంది. కొన్నిసార్లు ఆ సంచిని కూడా చించుకుని కణం మధ్యలోకి వస్తుంది. అందుకు దానికి ఈఎస్ఎక్స్-1 అనే ఒక పనిముట్టు ఉంది. మనందరి భుజం మీదా మచ్చ ఉంది చూడు, ఆ బీసీజీ టీకాలోని క్రిమికి లేనిది అదే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి 13 ఏళ్లు పశువుల టీబీ క్రిమిని ఎద్దు పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. ఆ మార్పిళ్లలో అది కోరలు ఊడిన పామైంది. ఏ కోర ఊడిందో మటుకు దాదాపు 75 ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మాక్రోఫేజ్ ఓడిపోతే శరీరం ఊరుకోదు. చుట్టూ కణాలతో గోడ కడుతుంది, దాన్ని గ్రాన్యులోమా అంటారు. మధ్యలో చచ్చిన కణాలు మెత్తగా, జున్ను ముక్కలా ఉంటాయి. జున్ను అన్నది నా పోలిక కాదు, పాథాలజీ పుస్తకాల్లోనే అలా ఉంటుంది. అక్కడ గాలి ఆడదు, తినడానికి కొవ్వు తప్ప పెద్దగా ఏమీ దొరకదు. క్రిమి పెరగడం మానేసి పడుకుంటుంది. అసలే ఇది మందకొడి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈకోలై సరైన తిండి ఉంటే 20 నిమిషాలకు రెండవుతుంది. ఇది రెండవడానికి దాదాపు 20 గంటలు కావాలి. మా ల్యాబులో దీన్ని పెంచడానికి కోడిగుడ్లు కొట్టి, ఆకుపచ్చ రంగు కలిపి, సీసాల్లో వాలుగా గడ్డకట్టించేవాళ్లం. కొత్తగా చేరిన అటెండరు "ఇన్ని గుడ్లా, ఇవాళ ఎవరి పుట్టినరోజమ్మా" అన్నాడు పాపం. యూరిన్ కల్చర్ రెండు రోజుల్లో తేలిపోతుంది. ఇది మూడు వారాలకి, ఒక్కోసారి ఎనిమిది వారాలకి, ఆ ఆకుపచ్చ మీద ఎండిపోయిన మెతుకుల్లా గరుకుగా పైకి తేలేది.

మందులు చాలామటుకు పనిలో ఉన్న క్రిమినే చంపుతాయి. మీ వాడు మింగే ఐసోనియాజిడ్ అనే మందు ఆ మైనపు గోడ కట్టే పనిని ఆపుతుంది. అసలు గోడే కట్టకుండా పడుకున్నదాన్ని అదేం చేస్తుంది? మీ యార్డుకొచ్చే ఏ రైతునైనా తుంగ గురించి అడుగు. మందు కొడితే పైన ఆకు మాడుతుంది, కింద గడ్డ పడుకునే ఉంటుంది, పదును తగలగానే లేస్తుంది. మీ వాడికి జ్వరం తగ్గి బరువు పెరిగిందంటే ఆకు మాడిందన్నమాట. పెరుగుతున్న క్రిములు మొదటి వారాల్లోనే చాలావరకు చస్తాయి. మిగిలిన రోజులన్నీ గడ్డల కోసమే. అవి ఎప్పుడు మేలుకుంటాయో తెలియదు, మేలుకున్న రోజున ఒంట్లో మందు ఉండాలి.

ఈ నిద్ర టీబీ ఒక్కదాని విద్య కాదు. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐర్లండ్ డాక్టర్ చీము పట్టించే బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ పోస్తే, సుమారు పది లక్షల్లో ఒకటి చావకుండా మిగలడం చూశాడు. మిగిలినవాటిని పెంచి మళ్లీ పెన్సిలిన్‌లో వేస్తే ఎప్పట్లాగే చచ్చాయి. అంటే అవి మందుకి మొండికేసినవి కావు, మందు పడే వేళకి పడుకున్నవి. వాటికి పర్సిస్టర్లు అని పేరు పెట్టాడు.

నాలుగు మందులు కలిపి ఎందుకిస్తారో కూడా వినిపించు, లెక్కల మనిషివి, నీకు నచ్చుతుంది. ఊపిరితిత్తిలో గుంత పడితే అందులో పది కోట్ల క్రిముల దాకా ఉండొచ్చు. ఐసోనియాజిడ్‌కి పుట్టుకతోనే లొంగనిది సుమారు పది లక్షల్లో ఒకటి. ఆ ఒక్క మందే ఇస్తే 100 మిగులుతాయి, ఆ 100 నుంచే మళ్లీ సంతానం. ఇంకో ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. రెండింటికీ ఒకేసారి లొంగనిది పుట్టాలంటే ఆ రెండు అంకెల్నీ హెచ్చవేయాలి, ఒకటి పక్కన 14 సున్నాలు. అంత మంద ఏ ఛాతీలోనూ ఉండదు. అందుకే అన్నీ కలిపి, రోజూ, మానకుండా. ఇష్టమైనప్పుడు మింగి, మానేసి, మళ్లీ మింగితే ఈ హెచ్చవేత చెడుతుంది.

సీబీనాట్ సంగతి. మొదట్లో రోగం పట్టుకోవడానికి, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో రెండు గంటల్లో చెప్పడానికి దానికి సాటి లేదు. కానీ అది చూసేది క్రిమి డీఎన్ఏని. చచ్చినదాని డీఎన్ఏ అయినా, బతికినదాని డీఎన్ఏ అయినా దానికి ఒకటే. నయమైనవాళ్లకి కూడా కొన్నాళ్లు పాజిటివ్ చూపించి గుండె ఆపుతుంది. మందు వాడుతుండగా దానికి డబ్బు తగలేయకు.

ఇంకొకటి, ఆ షాపువాళ్లిచ్చిన యాంటీబయాటిక్ పేరు చివర "ఫ్లాక్సాసిన్" అని ఉందేమో చూడు. ఆ జాతి మందులు టీబీని కూడా కాస్త అణుస్తాయి. నాలుగు రోజులు తగ్గినట్టుండి అసలు రోగం బయటపడటం ఆలస్యమవుతుంది.

తెనాలి వాళ్లకి దాచొద్దు. మందు సరిగ్గా వాడుతూ కళ్లె నెగటివ్ అయినవాడి వల్ల ఇంట్లో వాళ్లకి అంటుకునే భయం లేనట్టే. నిజం చెప్పి చేసుకుంటే డబ్బా దాచుకునే పని ఉండదు. ఆ నారింజ రంగు రిఫాంపిసిన్‌ది, రక్తం కాదు. అదే రిఫాంపిసిన్ గర్భం రాకుండా వేసుకునే మాత్రల్ని పనిచేయనివ్వదు గానీ, అది వాడు కాక అమ్మాయి మింగితే వచ్చే చిక్కు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడి మందులే మానేసిన కొత్త పెళ్లికొడుకుని ఒకణ్ణి చూశాను.

లేత్ మిషన్, విజయవాడ ఆటోనగర్

అన్నా, పెద్దమ్మ గారు చెప్పింది మీ తమ్ముడికి చదివి వినిపించు. తర్వాత నాది కూడా వినిపించు.

2012లో నాకు ఇదే జబ్బు. మూడో నెలలో మానేశా. మీ వాడు చెప్పేవే నా కారణాలు, ఒంట్లో బాగుంది, పనికి అడ్డం. అంతకుముందు కూడా ఆదివారం మందు తాగాలనిపిస్తే టాబ్లెట్లు ఎగ్గొట్టేవాణ్ణి. ఏడాది దాటాక మళ్లీ దగ్గు, ఈసారి రక్తం. పరీక్ష చేసి ఎండీఆర్ అన్నారు, అంటే ముఖ్యమైన రెండు మందులకీ లొంగదు. కనామైసిన్ అనే సూది, నెలల తరబడి. కూర్చోవడానికి చోటు లేకుండా పొడిచారు. మొత్తం రెండేళ్ల కోర్సు. మూడో నెలలో చెవిలో ఈలలాగా శబ్దం మొదలైంది. లేత్ మోతేమో అనుకున్నా. షాపు మూసిన రోజు కూడా అదే ఈల. ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగం. అది తిరిగి రాదంట. ఇప్పుడు కస్టమర్ ఎన్ని ఎంఎం కొయ్యాలో చెబితే కాగితం మీద రాయమంటా.

తిట్టడానికి చెప్పట్లేదు. నన్నెవరన్నా అప్పుడు కూర్చోబెట్టి ఆ తుంగ మాట చెప్పుంటే వినేవాణ్ణేమో. వినకపోదునేమో కూడా.

బెంజ్ సర్కిల్ బుల్లోడు, విజయవాడ

లేత్ అన్నా, మీరు పడ్డ ఆ సూది ఇప్పుడు లేదు. 2018 తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్‌ని వాడొద్దంది. నేను ఎం.ఫార్మసీ చదువుతున్నా, కొత్త మందుల సంగతి నేను చెబుతా.

ముందు నిజాయితీగా ఒక మాట. ఆరు నెలలు అందరికీ అవసరమా అంటే, కాదు. 2014లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చాయి. పాత మందుల్లో ఒకటి తీసి మాక్సిఫ్లాక్సాసిన్ పెట్టి, నాలుగు నెలలకే ఆపి చూశారు. ఆరు నెలల వాళ్లలో 92 శాతం మందికి మంచి ఫలితం వస్తే, నాలుగు నెలల వాళ్లలో ఒక గుంపుకి 85, ఇంకో గుంపుకి 80. అంటే ఐదుగురిలో నలుగురు నాలుగు నెలలకే బాగున్నారు. చిక్కేంటంటే ఆ ఐదో మనిషి ఎవరో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మీ తమ్ముడు 70 రోజులకే ఆపి "నేను ఆ నలుగురిలో ఉన్నా" అనొచ్చు. ఎక్స్‌రే కూడా చెప్పలేదు. దక్షిణాఫ్రికాలో నయమైనవాళ్ల ఊపిరితిత్తుల్ని పెట్-సీటీ అనే స్కాన్‌తో చూస్తే, కోర్సు పూర్తయ్యాక కూడా చాలామందిలో మచ్చలు ఇంకా రగులుతూనే ఉన్నాయని 2016లో బయటపెట్టారు.

2021లో మాత్రం నాలుగు నెలల కోర్సు ఒకటి గెలిచింది, రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ పెట్టి. ఆరు నెలలకి ఏమీ తీసిపోలేదు. కానీ అది వేరే మందుల కోర్సు. మీ వాడి మందులతో నాలుగు నెలలకి ఆపడం దానితో సమానం కాదు.

పడుకున్న క్రిమి మీద పనిచేసే మందు మీ వాడు ఇప్పటికే మింగాడు. మొదటి రెండు నెలల నాలుగింటిలో పైరజినమైడ్ అనేది ఉంది. భలే విచిత్రమైన మందు. మామూలు కల్చర్ సీసాలో వేస్తే ఏమీ చేయదు, ఆమ్లం ఉన్నచోటే పనిచేస్తుంది, పెరగకుండా కూర్చున్నవాటినే ఎక్కువ చంపుతుంది. అది చేరాకే 9 నెలల కోర్సు 6 నెలలైంది. టీబీ మీద ఇది పనిచేస్తుందని 1952లో చూపించినవాళ్లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబు వాళ్లున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపించిన ల్యాబ్ అది. ఆయన 1948లోనే పోయారు, దీని ఘనత ఆయనకి ఇవ్వలేం గానీ, చదివినప్పుడు నాకు మాత్రం ఒళ్లు పులకరించింది.

ఇప్పుడు అసలు హీరో, బెడాక్విలిన్. 2012 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, దాదాపు 40 ఏళ్ల తర్వాత టీబీకి కొత్త రకం మందు. దాని ఐడియా చూడండి. పడుకున్న క్రిమి గోడ కట్టదు, సంతానం కనదు. కానీ ఊపిరి నిలుపుకోవాలి కదా, దానికి కాస్తయినా శక్తి కావాలి. ఆ శక్తిని తయారుచేసే ఏటీపీ సింథేజ్ అనే మరని ఈ మందు పట్టుకుని ఆపేస్తుంది. ఫ్యాన్ ఆపి పడుకున్న వాడింట్లో మీటరే పీకేసినట్టు. దీనికి ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపితే మొండి టీబీకి ఆరు నెలల కోర్సు, సూది లేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, 2024లో మన ప్రభుత్వం ఒప్పుకుంది. లేత్ అన్న రెండేళ్లు పడింది ఇప్పుడు ఆరు నెలలు. బెడాక్విలిన్ మీద కంపెనీ ఇంకొన్నాళ్లు పేటెంట్ పొడిగించుకోవాలని చూస్తే, ముంబైలో నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాలో ఫుమెజా టిసిలే అనే ఇద్దరు ఎదురు నిలిచారు. 2023 మార్చిలో మన పేటెంట్ ఆఫీసు కంపెనీ దరఖాస్తుని కొట్టేసింది. వాళ్లిద్దరూ టీబీ మందుల వల్లే వినికిడి పోగొట్టుకున్నవాళ్లు, లేత్ అన్నా.

ఇంకోవైపు క్రిమిని వదిలేసి మాక్రోఫేజ్‌కే బలం ఇద్దామని చూస్తున్నారు. సంచులు కలవకుండా క్రిమి అడ్డుపడుతోంది కదా, కణం తన చెత్తని తానే అరిగించుకునే ఆటోఫేజీ అనే పనిని ఉసిగొల్పితే ఎలా ఉంటుందని. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌ని కూడా ఇందుకోసం పరీక్షించారు. ఇంకా మందుల చీటీ దాకా రాలేదు.

నాకు ఇష్టమైంది మటుకు వంకాయ కథ. బ్యాక్టీరియాని తినే వైరస్‌లు ఉంటాయి, ఫేజ్‌లంటారు. దక్షిణాఫ్రికా డర్బన్‌లో కుళ్లిపోయిన వంకాయ మీద ఒక ఫేజ్ దొరికింది, పేరు మడ్డీ. అమెరికా పిట్స్‌బర్గ్‌లో గ్రాహం హాట్‌ఫుల్ ల్యాబులో ఫ్రీజర్లో ఉంది. లండన్‌లో ఒక టీనేజీ అమ్మాయికి ఊపిరితిత్తుల మార్పిడి అయ్యాక టీబీకి దాయాది అయిన మైకోబ్యాక్టీరియం ఆబ్సెసస్ ఒళ్లంతా పాకింది, ఏ మందూ పనిచేయలేదు. మడ్డీతో పాటు ఇంకో రెండు ఫేజ్‌లు కలిపి ఎక్కిస్తే పుండ్లు మానాయి, 2019లో అది అచ్చయింది. టీబీకి ఇది అంత సులువు కాదు, ఎందుకంటే క్రిమి మాక్రోఫేజ్ లోపల ఉంది, ఫేజ్ అక్కడిదాకా దూరాలి. అయినా కుళ్లిన వంకాయ అన్నా, మనం పారేసేది.

పాత మైక్రోస్కోపు, గుంటూరు

బుల్లోడూ, బాగా చెప్పావు. వంకాయ నాకు తెలియదు, చదువుతాను. కానీ ఇన్ని కొత్త ఆయుధాల మధ్య అన్నం పళ్లెం మర్చిపోయావు.

జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పరిశోధన 2023లో అచ్చయింది. టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అంతే. రోగికి మాత్రమే తిండి ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే ఆ కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకి చావు ముప్పు బాగా తగ్గింది. దక్షిణాఫ్రికాలో, ఇంకొన్ని దేశాల్లో 2024 నుంచి ఎం72 అనే కొత్త టీకాని 20,000 మంది మీద పరీక్షిస్తున్నారు, అంతకుముందు చిన్న పరీక్షలో అది జబ్బు రావడాన్ని దాదాపు సగానికి తగ్గించింది. వస్తే మంచిదే. పప్పు మాత్రం ఇవాళే దొరుకుతుంది.

గుమస్తా బాబూ, పోషణకి ప్రభుత్వం నెలకి 1,000 రూపాయలు బ్యాంకులో వేస్తుంది, 2024 నవంబరు ముందు 500 ఉండేది. మీ వాడి ఖాతా నంబరు ఇచ్చారో లేదో కనుక్కో. చాలామంది ఇవ్వరు, పేరు బయటపడుతుందని.

మీ ఇంట్లో ఎవరెవరున్నారు? అది నువ్వు రాయలేదు.

కాటా గుమస్తా, గుంటూరు

నాలుగు రోజులు పట్టింది, క్షమించండి. సీజన్ చివర సరుకంతా కోల్డ్ స్టోరేజీకి పంపే పనిలో ఉన్నా.

అమ్మగారూ, మీరు రాసింది వాడికి రాత్రి డాబా మీద చదివి వినిపించా. మాక్రోఫేజ్ దగ్గర ఆవలించాడు. తుంగ దగ్గర లేచి కూర్చున్నాడు. రూపాయలు, పైసల మాటకి "అంటే నా చిట్టా ఇంకా సరిపోలేదంటావు" అన్నాడు. లేత్ మిషన్ గారి మాటలు చదువుతుంటే వాడేం మాట్లాడలేదు. అట్ట తీసి, గ్లాసుతో నీళ్లు తెచ్చుకున్నాడు. తమ్ముడూ బుల్లోడూ, వంకాయ కథ మా అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

మందుల షాపు చీటీ వెతికా. లెవోఫ్లాక్సాసిన్.

ఇంట్లో అమ్మ, నేను, నా భార్య, తమ్ముడు, మా పాప. పాపకి నాలుగేళ్లు. మార్చి దాకా రాత్రి బాబాయి పక్కనే పడుకునేది. దగ్గు లేదు, బాగానే తింటోంది. పరీక్ష చేయించాలా?

పాత మైక్రోస్కోపు, గుంటూరు

రేపు పొద్దున్నే తీసుకెళ్లు. దగ్గు లేదని ఆగొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకి లోపల పడుకున్న క్రిమి తొందరగా లేస్తుంది, మెదడు దాకా వెళ్తుంది. ముందు జబ్బు లేదని చూస్తారు, లేకపోతే రాకుండా ఉండే మందు మొదలుపెడతారు. అమ్మకి, నీకు, నీ భార్యకి కూడా అడుగు. మీ తమ్ముడి ఐడీ నంబరున్న కార్డు పట్టుకెళ్లు.

కాటా గుమస్తా, గుంటూరు

కొట్లో చెప్పా, రేపు సెలవు. ఆదివారం తెనాలి వెళ్తున్నాం, అమ్మాయి వాళ్ల నాన్నకి అన్నీ చెబుదామని. ఏమంటారో చూడాలి. తమ్ముడు గోడ క్యాలెండర్ మీద పెన్నుతో గళ్లు కొట్టుకున్నాడు. ఇవాళ్టిది మింగేశాడు, 74. ఇంకా 94.